లమ్‌యై రుచి చూడదు

పిచిత్ బస్టాండులో లమ్‌యై మూకుడు పొయ్యెక్కిందంటే ఆ ఘాటుకు మూడో ప్లాట్‌ఫారం దాకా తుమ్ములే. ఒకసారి బ్యాంకాక్ డ్రైవరు తుమ్మిన తుమ్ముకు బస్సు దానంతటదే రెండు మూరలు వెనక్కి జరిగింది. నాలుగు మూరలనేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళవి కోతలు.

ఆమె వండేది ఒక్కటే, తులసాకు వేసిన గొడ్డుమాంసం వేపుడు. మిరపకాయలు, వెల్లుల్లి రోట్లో కచ్చాపచ్చాగా దంచి, కాగిన నూనెలో పడేసి, మాంసం, చేపసాసు, చిటికెడు పంచదార, దించే ముందు గుప్పెడు ఆకు. నూరంకెలు లెక్కపెట్టేలోపు పళ్ళెంలో ఉంటుంది. అయితే పదకొండేళ్ళుగా అందులో ఒక్క ముక్క ఆమె నోట పడలేదు. మొగుడు తవిన్ ఆసుపత్రిలో కొనఊపిరితో ఉన్నప్పుడు, అతను లేచి తిరిగితే గొడ్డుమాంసం ముట్టనని వెయ్యి చేతుల కువానిమ్ అమ్మవారికి మొక్కుకుంది. అతను లేచాడు. లేచింది లగాయతు తింటూనే ఉన్నాడు. ఆమె మాత్రం ఉప్పూ కారం వాసనతోనే తేల్చుకుంటుంది.

ఆ మంగళవారం జలుబు చేసి ముక్కు మూసుకుపోయింది. సరిగ్గా ఆ రోజే బస్టాండు కొత్త మేనేజరు ప్రమోత్ మధ్యాహ్నం వచ్చి తిని, గేటు పక్క కొట్టు లమ్‌యైకే ఉంచాలో, బాతు నూడుల్స్ అమ్మే సునికి ఇవ్వాలో తేలుస్తానన్నాడు.

"చెంచాడు నాలిక్కి రాసుకుని ఉమ్మెయ్ అక్కా. అమ్మవారు చూడొచ్చిందా?" అంది పక్క టీకొట్టు ఫొన్.

"వెయ్యి చేతులకీ వెయ్యి కళ్ళున్నాయే ఆవిడకి. ఒక్కటైనా బస్టాండు మీద ఉండదూ?"

తవిన్‌ని పిలిచి పళ్ళెం చేతికిచ్చింది. పెళ్ళైననాటి నుంచి ఏం పెట్టినా అతని నోట ఒకటే మాట.

"అద్భుతం."

"కొట్టు పోతుందయ్యా. ఇవాళైనా నిజం చెప్పు."

"నిజంగానే..."

"నీకోసమేగా నా నాలిక కట్టేసుకున్నాను? ఈ పూటకి నీది అరువియ్యి."

తవిన్ మళ్ళీ నమిలాడు. చాలాసేపు నమిలాడు. గరిటె ఎంత దూరంలో ఉందో చూసుకుని నోరు విప్పాడు.

"ఉప్పెక్కువ. ఆకు ముందే వేసేశావు, నల్లబడింది. మిరపకాయలు మరీ మెత్తగా దంచావు."

లమ్‌యై మూకుడు కడిగి రెండోసారి వేయించింది.

"పంచదార ఓ పిసరు తక్కువైంది."

మూడోసారి అతను నములుతూనే అన్నం కోసం చెయ్యి చాపాడు. ఆమె ఆ వేపుడే పట్టుకెళ్ళి ప్రమోత్ ముందు పెట్టింది.

ప్రమోత్ కళ్ళూ ముక్కూ తుడుచుకుంటూ తిన్నాడు. రెండో పళ్ళెం తెమ్మన్నాడు, పైన గుడ్డు వేసి. "కొట్టు ఇక్కడే ఉండనీ పిన్నీ," అన్నాడు, నీళ్ళ కోసం తడుముకుంటూ.

"పోనీ మీ ఆయన్ని నాకు అద్దెకియ్యవే!" అని అవతల నుంచి అరిచింది సుని.

మూకుడు తోముతూ లమ్‌యై అడిగింది: "ఇంత తెలిసినవాడివి, ఇరవయ్యారేళ్ళూ నోరెందుకు కుట్టుకున్నావు?"

"బాగుందా అనే అడిగావు. ఏం తక్కువైందని ఎప్పుడైనా అడిగావా?"

బుధవారం నుంచి పొయ్యి పక్కన తవిన్‌కు ఒక స్టూలు పడింది. ఆమె జలుబు శుక్రవారానికే తగ్గింది. ఆ సంగతి అతనికి చెప్పలేదు.