మాకు పాట కంటే ముందు బుడ్డలు పెట్టిన సలోమి టీచర్

శైలజ నాకు ఫోన్ చేసే మనిషి కాదు. ఏదున్నా వాట్సాప్‌లో ఒక్క ముక్క పెడుతుంది. అందుకే నిన్న పొద్దున్నే స్క్రీన్ మీద దాని పేరు చూడగానే ఒక్క రింగుకే ఎత్తాను.

"టీచర్ పోయినారే" అంది. అంతే.

"ఏ టీచర్?" అని అరిచాను. మా ఇద్దరికీ కలిపి ఉన్నది ఒక్క టీచరే అయినా.

సలోమి టీచర్. నంద్యాలలో మాకు సంగీతం నేర్పిన మనిషి. రాత్రి పడుకుని పొద్దున లేవలేదట.

ఏడుస్తూ రాద్దామని కూర్చున్నాను. రాస్తుంటే నవ్వొస్తోంది. ఏం చేయను, ఆమె జ్ఞాపకాలన్నీ అలాంటివే!

ఆమె దగ్గర చేరిన వాళ్లందరికీ తెలుసు, మొదటి రోజు పాట ఉండదు. ప్లేటు నిండా ఉడకబెట్టిన బుడ్డలు ఉంటాయి. వేరుశనక్కాయల్ని మా వైపు బుడ్డలంటాం. తినమని చెప్పి, ఎవరెట్లా తింటారో ఎదురుగా కూర్చుని చూసేవారు.

నేనూ శైలజా హైస్కూల్లో ఉన్నప్పుడు ఆళ్లగడ్డ నుంచి బస్సులో వెళ్లి ఒకే రోజు చేరాం. నేను సగం తొక్కతోనే నమిలేశాను. శైలజ మాత్రం అన్నీ ఒలిచి, తొక్కలు ఒక పక్క, గింజలు ఒక పక్క కుప్ప పెట్టి, అప్పుడు ఒకటి నోట్లో వేసుకుంది. ఆలోగా దాని కుప్పలో సగం నేనే లాగించాను, అది వేరే సంగతి.

టీచర్ ఇద్దర్నీ చూసి నవ్వారు. "సరేలే, తెలిసిపాయ. మీ ఇద్దరికీ ఒగటే పాఠమంటే కుదర్దు."

శైలజకు స్వరాలు, రాగాల పేర్లు, రూల్స్, అన్నీ వరసగా, పద్ధతిగా. కాలి కింద మెట్టు గట్టిగా ఉందని నమ్మకం కుదిరితే తప్ప అది పై మెట్టు ఎక్కదు.

నాకు నేరుగా పాటే. పేర్లూ లేవు, రూల్సూ లేవు. "నీకు రూల్ చెప్తే రెండో దినమే పారిపోతావ్. ముందు రుచి తగలనీ" అనేవారు.

పాణ్యం నుంచి ఒక బ్యాంకు సార్ వచ్చేవారు. వాదించకపోతే తిన్నది అరగని రకం. ఆయన కోసం టీచర్ కావాలనే తప్పు పాడేవారు. "కాదు మేడం, అక్కడ అట్లా కాదు" అని ఆయన కరెక్టుగా పాడి చూపించేవారు. అలా కొట్లాడుతూ కొట్లాడుతూనే ఆయనకు వర్ణాలనే పెద్ద పాఠాలు కూడా వచ్చేశాయి. టీచర్‌కు తానే నేర్పానని ఇప్పటికీ అనుకుంటున్నారేమో!

ఇక నా భాగోతం.

మా నాయనకు నా మీద నమ్మకం లేదు. "దీనికి అన్నం ఉడికేదాకా ఓపిక ల్యాకపాయ, సంగీతం యాడొస్తాది?" అనేవాడు. నంద్యాలలో టీచర్ పెట్టే ప్రోగ్రాం చూశాక, పంపాలో మాన్పించాలో తేలుస్తానన్నాడు.

నాకేమో అప్పటికే పాట పిచ్చి పట్టింది. మాన్పిస్తే ఏమైపోతానో అని భయం.

స్టేజీ ఎక్కాను. మొదటి పాట బాగానే పాడాను. రెండోది ఏదో గుర్తురాలేదు. వయొలిన్ పట్టుకుని పక్కనే కూర్చున్న టీచర్ వైపు చూశాను. బేగడ రాగంలో ఉన్న పాట పాడమని, ఆమె కొంచెం వంగి "బేగడ" అన్నారు.

నాకు రాగాల పేర్లు చెప్పలేదు కదా! నా ఆళ్లగడ్డ చెవులకు అది "బేగా" అని వినిపించింది. బేగా అంటే మా దగ్గర తొందరగా అని.

ఓహో, మరీ నిదానంగా పాడానేమో అనుకున్నాను. అదే పాట మళ్లీ ఎత్తుకున్నాను. కోయిలకుంట్ల లాస్ట్ బస్సు తప్పిపోతున్నట్టు పాడాను.

మృదంగం ఆయన నన్ను చూసి, టీచర్‌ని చూసి, ఇక లాభం లేదని పరుగందుకున్నాడు. టీచర్ అయితే ఆపనే లేదు. నా వెంటే వయొలిన్‌ను దౌడు తీయించారు. హాలంతా ఒకటే నవ్వులు. శైలజ ముఖం కప్పేసుకుంది. నాయన తల వంచుకుని కూర్చున్నాడు.

దిగగానే వచ్చాడు. "చాల్లే టీచరమ్మా. పరువు తీసె. ఇంగ మా పాపను పంపం."

నా ప్రాణం పోయినంత పనైంది.

టీచర్ నన్నే అడిగారు. "ఏందే, బేగడ అంటే మళ్లా ఆ పాటే పాడినావ్?"

"మీరే బేగా అన్నారు కదా టీచర్!"

ఆమె అక్కడే కుర్చీలో కూలబడి, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు. కొంగుతో కళ్లు తుడుచుకుని నాయన వైపు తిరిగారు.

"అన్నా, తప్పు నాది. దీనికి రాగం పేరు నేనే చెప్పల్యా. నేనేమన్నానని ఇన్నిందో అదే చేసింది. అంత పరుగులో ఒగ స్వరమన్నా జారిందేమో చెప్పు? నిదానం నేను నేర్పిస్తా. ఆ ధైర్యం యాడ తెచ్చి నేర్పేది?"

నాయన నన్నోసారి ఎగాదిగా చూశాడు. "సరే, వచ్చే ఆదివారం నేనే బస్సెక్కిస్తా" అన్నాడు.

ఇప్పుడు నేను ఆళ్లగడ్డలో పిల్లలకు పాట చెప్తున్నానంటే ఆ రోజు ఆమె నా పక్కన నిలబడ్డందుకే. ఎంత ప్రేమో నాకు ఆమె అంటే. ఆమెకు ఎన్నడూ చెప్పలేదు, తెలిసే ఉంటుంది.

నిన్న సాయంత్రం సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక శిష్యుల్ని పాడమన్నారు. శైలజ శ్రుతి అందుకుంది. నేను బేగడ పాడాను. నిదానంగా, చివరిదాకా.

నన్ను కారులో తీసుకెళ్లింది నాయనే. తిరిగి వచ్చేటప్పుడు, ఊరు దగ్గరపడుతుంటే అడిగాడు.

"ఇందాక ఆడ పాడితివే, అదేనా బేగడ?"

"అదే నాయనా."

"ఆ పొద్దు ఆమె నా మాట ఇనింటే, ఇది నేను ఇనకుండానే పోతాంటి" అన్నాడు. "ఇంగొగసారి పాడు తల్లీ."

ఇల్లు వచ్చింది. ఇంజిన్ ఆపేసి, పాట అయ్యేదాకా స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు.

వెళ్లి రండి టీచర్. మమ్మల్ని ఇంత నవ్వించిన మీకు ఆ ప్రభువు దగ్గర చల్లని విశ్రాంతి దొరకాలి.