గేరుబాక్సులో ఎర్ర నూనె

మా పెదనాన్న యేసుపాదం బొటనవేలికి గుంటూరు మిర్చి యార్డులో పేరుండేది. రంగు వెలిసిన తాలుకాయలకి రంగునూనె పట్టించి, ఎర్రగా మెరిపించి తెచ్చేవాళ్లు కొందరుంటారు. పెదనాన్న బస్తాలోంచి ఒక కాయ తీసి, తడివేలితో రుద్ది, ఆ వేలు తెల్లగుడ్డకి రాసేవాడు. గుడ్డ ఎర్రబడితే ఆ సరుకు వెనక్కే. ఆ వేలు చూసే మిర్చి వ్యాపారి బాపయ్యగారు ఆయన్ని బస్తాలు మోసే పనిలోంచి తప్పించి తన దగ్గర పెట్టుకున్నారు. తర్వాత డ్రైవింగ్ నేర్పించి అంబాసిడర్ చేతికిచ్చారు. నల్లపాడులో మా పేట మొత్తానికి కారు తోలిన మొదటి మనిషి మా పెదనాన్నే. ఆ గర్వం కాస్త ఎక్కువే ఉండేది. చర్చికొచ్చినా తాళాలు జేబులోంచి వేలాడాల్సిందే. "దేవుడి దగ్గర కూడా ఆ గలగలేంటయ్యా?" అని మా పెద్దమ్మ ఎలీసమ్మ విసుక్కునేది.

బాపయ్యగారికి ఒక్కతే కూతురు, హైమావతి. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. బడికైనా పెళ్లికైనా పెదనాన్నే ఎత్తి కారులో కూర్చోబెట్టాలి, ఎత్తి దింపాలి. చిన్నపిల్లగా ఉన్నన్నాళ్లూ బాగానే ఉంది. ఈడొచ్చాక నలుగురిలో ఎత్తుతుంటే ఆవిడ కళ్లు మూసుకునేది, ఈయన తల పక్కకి తిప్పుకునేవాడు. మా పేటవాడు ఆ ఇంటి పిల్లని ముట్టుకోవడమేమిటని గొణిగినవాళ్లూ ఉన్నారు. వాళ్ల కాళ్లు బాగానే ఉన్నాయి కదా, ఎన్నైనా అంటారు.

హైమావతికి ఒకటే కోరిక. ఎవరూ ఎత్తకుండా, ఎవరూ తోలకుండా, ఒక్కతే సింగరాయకొండ దాకా కారు నడుపుకుంటూ వెళ్లి, అక్కడి సముద్రం చూసి రావాలి. ఏదో పత్రికలో జపాన్ స్పోర్ట్స్ కారు బొమ్మ చూసింది. రెండే తలుపులు, క్లచ్చి లేదు, గేర్లు వాటంతట అవే పడతాయి. సీటు ఎంత కిందకి ఉందంటే, చేతికర్ర పక్కన పెట్టి తనే జారి కూర్చోవచ్చు. బాపయ్యగారు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో గానీ, ఎనభై ఆరులో ఆ తెల్లకారు ఓడ దిగి, లారీ ఎక్కి, గుంటూరు వచ్చింది.

మొదటిరోజు బాపయ్యగారి కోల్డ్ స్టోరేజీ ఆవరణలో నడిపింది. పెదనాన్న కారు పక్కనే పరిగెత్తాడు.

"నేనే తోలుతున్నాగా, నువ్వెందుకు పరిగెత్తుతున్నావు యేసుపాదం?" అని ఆవిడ పగలబడి నవ్వింది.

"అలవాటండీ అమ్మాయిగారూ!" అన్నాడు రొప్పుతూ. ఆ నవ్వు గురించి ఆ వారమంతా మాకు చెప్పాడు. విన్నవాళ్లకే మళ్లీ చెప్పాడు.

ఆదివారం సింగరాయకొండ ప్రయాణం. శనివారం పెదనాన్న బానెట్ ఎత్తాడు. దూరం పోయే బండికి ముందురోజు నూనె చూడటం ఆయన పద్ధతి. ఇంజనులో నూనె చూసే కడ్డీ తీసి వేలితో రుద్దాడు. కంపెనీలో పోసిన నూనె, లేత బంగారు రంగులో శుభ్రంగా ఉంది. సంతోషించాడు. తర్వాత గేరుబాక్సు కడ్డీ తీసి తెల్లగుడ్డకి తుడిచాడు. గుడ్డ ఎర్రబడింది.

బాపయ్యగారి లారీలకి తను పోసే గేరు నూనె చిక్కగా, తేనె రంగులో ఉంటుంది. ఇదేమో పల్చగా, ఎర్రగా ఉంది. అచ్చం తాలుకాయలకి పూసే రంగునూనె. దారిలో ఎవడో కంపెనీ నూనె లాగేసి, ఇది పోశాడనుకున్నాడు. కారుతో వచ్చిన పుస్తకం జపాను భాషలో ఉంది. బాపయ్యగారితో చెబితే అమ్మాయి ప్రయాణం ఆగిపోతుంది. అందుకని ఎవరికీ చెప్పలేదు. కింద బిరడా విప్పి ఆ ఎర్ర నూనెంతా డబ్బాలోకి దించాడు, తర్వాత సాక్ష్యంగా చూపించవచ్చని. బజారులో దొరికే మేలురకం గేరు నూనె తెచ్చి గరాటు పెట్టి పోశాడు. అంత చిక్కటి నూనె సన్నటి గొట్టంలో దిగడానికి మధ్యాహ్నమంతా పట్టింది. కీర్తనలు పాడుకుంటూ పక్కనే కూర్చున్నాడట.

మర్నాడు పొద్దున్నే హైమావతి బయల్దేరింది. పెదనాన్న గేటు దాకా వెళ్లి చెయ్యి ఊపి, చర్చికొచ్చాడు. సాక్ష్యాలు చెప్పే వేళకి లేచి నిలబడ్డాడు. రంగు కాయల్ని పట్టుకోవడం నేర్పిన దేవుడే నిన్న ఆ పిల్లని కాపాడాడని, తన వేలితో మోసం పట్టించాడని కళ్లనీళ్లతో చెప్పాడు. అందరం ఆమెన్ అన్నాం. నేనూ అన్నాను, గట్టిగా.

మేం ఆమెన్ అంటున్న వేళకి ఆ కారు ఒంగోలు ఇవతల హైవే మీద పొగలు కక్కి ఆగిపోయి ఉంది. ఇంజను తిరుగుతోంది గానీ కారు కదలదు. ఎండలో తలుపు తెరుచుకుని ఆవిడ ఒక్కతే కూర్చుంది. చివరికి ఎవరో లారీవాళ్లు ఆగి, ముక్కూమొహం తెలియని మగవాళ్లు, ఎత్తి లారీలో కూర్చోబెట్టి ఇంటికి చేర్చారు.

మద్రాసు నుంచి మెకానిక్ వచ్చి గేరుబాక్సు విప్పాడు. లోపల గేర్లని పట్టి తిప్పే బిళ్లలన్నీ మాడిపోయాయి. ఈ లారీ నూనె ఎవరు పోశారని అడిగాడు. పెదనాన్న ముందుకొచ్చి, ఎర్ర నూనె సంగతి చెప్పాడు.

"వాటంతట అవి పడే గేర్లకి పోసే నూనె ఎర్రగానే ఉంటుందయ్యా," అన్నాడతను. "కారితే ఏ నూనె కారిందో తెలియాలని తయారుచేసేటప్పుడే రంగు కలుపుతారు. పల్చగా ఉండాలి కూడా."

పెదనాన్న షెడ్డులోకి పరిగెత్తాడు. డబ్బా రెండు చేతులా పట్టుకుని వచ్చాడు.

"చుక్క కూడా పారబొయ్యలేదండీ. గుడ్డ కట్టి మూత పెట్టానండీ. ఇప్పుడు పోసేస్తే బాగవుద్దాండీ?"

ఆ మెకానిక్ డబ్బా వైపు చూశాడు గానీ ఆయన మొహం వైపు చూడలేకపోయాడు. బాపయ్యగారు నోరు తెరవబోయారు. "యేసుపాదాన్ని ఎవరూ ఏమీ అనకండి నాన్నా," అంది హైమావతి. తిట్టినా బాగుండేదని పెదనాన్న పోయేదాకా అంటూనే ఉన్నాడు.

జపాన్ నుంచి కొత్త గేరుబాక్సు రాలేదు. ఇంకో కారు మాట ఎత్తితే బాపయ్యగారు వద్దన్నారు, హైవే మీద జరిగింది ఆయన మర్చిపోలేకపోయారు. ఆవిడ మళ్లీ అంబాసిడర్ వెనకసీటులోకి వచ్చింది. పెదనాన్న మళ్లీ ఎత్తి కూర్చోబెట్టాడు. ఈసారి ఆవిడ కళ్లు మూసుకోలేదట. ఆ మాట చెబుతూ పెదనాన్న అన్నం ముందు ఏడ్చాడు. ఆ తర్వాత ఆయన చర్చిలో ఎన్నడూ సాక్ష్యం చెప్పలేదు. యార్డులో ఎవరైనా కాయ చూడమంటే చేతులు వెనక్కి కట్టుకునేవాడు.

ఒక ఆదివారం పెద్దమ్మ కోసం వెతుక్కుంటూ నేను కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను. ఆవిడ గేటు దగ్గర నిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి చూస్తోంది. ఆవరణలో తెల్లకారు కదులుతోంది. ఇంజను చప్పుడు లేదు. హైమావతి స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. చర్చి బట్టలు కూడా మార్చుకోకుండా పెదనాన్న వెనకనుంచి కారు నెడుతున్నాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ప్రతి ఆదివారం ఇంతే," అంది పెద్దమ్మ. "ఆయనే అడిగాడంట ఆ పిల్లని, కూర్చోమని."

కారు గోడ దాకా వెళ్లి మలుపు తిరిగి ఆగింది. పెదనాన్న డిక్కీ మీద చేతులాన్చి, తల వంచుకుని రొప్పుతున్నాడు. హైమావతి కిటికీలోంచి వెనక్కి తిరిగి చూసింది. అప్పుడు ఆవిడ నవ్వడం లేదు.

"ఇక చాలు యేసుపాదం. నా ముచ్చట తీరిపోయింది. ఇక ఆపెయ్యి."

"లేదండీ," అన్నాడు పెదనాన్న, తల ఎత్తకుండానే. "ఇంకొక్క రౌండండీ అమ్మాయిగారూ. మీరు స్టీరింగ్ పట్టుకోండి."

ఆవిడ అటు తిరిగి స్టీరింగ్ పట్టుకుంది.