జాకడ్ మీద తెచ్చిన సముద్రం

దయ్యాలన్న మాట వింటే నాకు నవ్వొచ్చేది. స్కూల్లో ఆయాలు పాత స్టోర్‌రూమ్‌లోకి వెళ్లడానికి జంకితే నేనే ముందు నడిచి లైటు వేసేదాన్ని. లెక్కల టీచర్ని. దిష్టి తీస్తానన్న అత్తగారితో కూడా వాదం పెట్టుకున్న మనిషిని. నేనిది రాస్తున్నానంటే నన్నెరిగినవాళ్లు నమ్మరు. నమ్మకపోతే మానె, జరిగింది జరిగినట్టు చెబుతాను.

పోయినేడాది నాంపల్లిలో కిరాయి ఇల్లు వదిలి, దగ్గర్లోనే సొంత ఫ్లాట్‌లోకి మారాం. నేను, మా ఆయన, రెండో తరగతి చదువుతున్న మా పాప నిత్య. హాల్లో సోఫాకి ఎదురుగా పెద్ద గోడ బోసిగా ఉండేది. దేవుడి క్యాలెండర్ చాలన్నారు మా ఆయన. నాకు ఒళ్లు మండింది. సొంత ఇల్లు కొనుక్కుని కూడా గోడకి క్యాలెండరేనా? సముద్రమో, పచ్చని పొలమో, చూడగానే కళ్లు చల్లబడే పెయింటింగ్ కావాలని పట్టుబట్టాను.

మా ఆయనకి ఆబిడ్స్‌లో చీరల దుకాణం. ఆ వ్యాపారంలో జాకడ్ అనే పద్ధతి ఉంది. చీరలు ఇంటికి తీసుకెళ్లి చూసుకోవచ్చు, నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే మడత చెడకుండా తిరిగిస్తారు. ఈ మనిషికి అది ఎంత అలవాటంటే, ఒకసారి కుక్కర్ కూడా జాకడ్ మీద ఇమ్మని అడిగి నా పరువు తీశారు. ఈసారి పెయింటింగ్‌ని కూడా అలాగే అడిగారు. ఆబిడ్స్‌లోనే పెయింటింగ్‌లు అమ్మే షాపాయన ఆయనకి పాత దోస్తు కాబట్టి సరేనన్నాడు.

ఆ షాపులో ఉన్నవన్నీ ఇంప్రెషనిస్ట్ తరహా బొమ్మలట. దగ్గరికెళ్లి చూస్తే రంగు ముద్దలు తప్ప ఏమీ కనబడలేదు. "జర ఎన్కకు పోయి చూడు మేడం" అన్నాడు షాపాయన. గుమ్మం దాకా వెనక్కి నడిచాను. ఆ ముద్దలే అలలయ్యాయి. నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చినట్టయింది.

మా ఆయన ఒకటే షరతు పెట్టారు, బొమ్మలో మనుషులు ఉండొద్దని. "ఇంటికొచ్చినోళ్లంత గీ మనిషెవరని అడుగుతరు, ఎవరని చెప్పాలె?" అన్నారు. గొడుగు పట్టుకున్న ఆడమనిషి ఉందని ఒకటి, పడవవాళ్లు ఉన్నారని ఇంకొకటి పక్కన పెట్టించారు. చివరికి తెచ్చుకున్నదాంట్లో ఇసుక, నీళ్లు, మబ్బు పట్టిన ఆకాశం, అంతే. అన్నీ నీలాలు, బూడిద రంగులు. అందులో మనిషి లేడని మేమిద్దరం, షాపాయన, ముగ్గురం చూసుకున్నాం.

బొమ్మ తగిలించాక నిత్య అన్నం కూడా దాని ముందే కూర్చుని తినేది. నేను మురిసిపోయాను. వారం తిరక్కముందే పిల్లకి జ్వరం పట్టుకుంది. మందులకి లొంగలేదు. ఒళ్లు కాలిపోతుంటే "మమ్మీ, కాళ్లు సల్లగున్నయ్" అని ఒకటే గొణుగుడు. దుప్పటి తీసి పాదాలు పట్టుకుంటే పెనంలా ఉన్నాయి.

ఆ సాయంత్రం సోఫాలో కూలబడి తలెత్తి చూస్తే, బొమ్మలో నీటి అంచున పసుపుపచ్చని చుక్క ఉంది. లేచి దగ్గరికెళ్లాను. రంగు ముద్ద, ఎండిపోయి గట్టిగా ఉంది. వెనక్కి వచ్చి చూస్తే చిన్న పిల్ల. వీపు మనవైపు, రెండు జడలు, పసుపు గౌను. జ్వరం వచ్చిన రోజు నిత్య వేసుకున్నది పసుపు గౌనే.

మా ఆయనకి చూపించాను. "ముందుగాల్నించే ఉండెనేమో, మనమే చూడలే" అన్నారు గానీ, ఆ తర్వాత ఆయన ఆ గోడ వైపు తిరగడం మానేశారు.

మర్నాడు దవాఖానలో చేర్చాం. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందన్నారు. బట్టల కోసం ఇంటికొచ్చాను. చూడకూడదనుకుంటూనే చూశాను. పిల్ల మోకాళ్ల లోతు నీళ్లలో ఉంది. మళ్లీ వచ్చినప్పుడు నడుము దాకా ఉంది. తలుపుకి తాళం వేసి బయటికొచ్చాను. నా బిడ్డ దక్కదని మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను.

కానీ దక్కింది. సూది పెట్టి నీరు తీశారు, జ్వరం దిగింది, ఇడ్లీ అడిగింది. ఇంటికి తీసుకొచ్చి, మా ఆయన్ని పాప దగ్గర ఉంచి, బొమ్మని పాత చీరలో చుట్టుకుని ఆటోలో ఆబిడ్స్ వెళ్లాను.

జాకడ్ సరుకు తిరిగొస్తే మరక ఉందా, చిరుగు ఉందా అని చూసే తీసుకుంటారు. షాపాయన దాన్ని గోడకి ఆనించి వెనక్కి నడిచి ఆగిపోయాడు. "గీ పిల్ల యాడినుంచి వచ్చింది? మీ పాప గిట్ల రంగు పూసిందా?" అన్నాడు. నా మొహం చూసి జాలిపడ్డట్టున్నాడు. "ఫికర్ చెయ్యకమ్మా, గీకేస్తే పోతది" అని సన్నటి కత్తి తీసి ఆ పసుపు మీద పెట్టాడు.

నేను అతని చెయ్యి పట్టుకున్నాను. గోళ్లు దిగేలా పట్టుకున్నాను. ఎందుకో అడగొద్దు. నిత్య ఇంట్లో బతికే ఉందని తెలుసు. అయినా ఆ కత్తి అక్కడ దిగుతుంటే చూడలేకపోయాను. వేరేవాళ్లు కొనుక్కుని పట్టుకుపోతారన్న ఆలోచనా భరించలేకపోయాను. వదిలించుకోవడానికి వెళ్లినదాన్ని, కొనుక్కుని తెచ్చుకున్నాను.

నిత్య బాగానే ఉంది. బడికి వెళ్తోంది, మార్కులూ వస్తున్నాయి. ఇదివరకు తలస్నానం అంటే ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు నెత్తిన ఎన్ని నీళ్లు పోసినా కళ్లు తెరుచుకునే నిలబడుతుంది. కుంకుడు రసం కారుతున్నా మూయదు. పిల్ల పెద్దదవుతోంది, అంతే అంటారు మా ఆయన. అయ్యుండొచ్చు.

బొమ్మ మళ్లీ అదే గోడకి ఉంది. పిల్ల నడుము లోతులోనే ఉంది, అంతకంటే ముందుకి వెళ్లలేదు. దీనికి అర్థమేమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఎవరికైనా తెలిసినా చెప్పొద్దు, వినే ధైర్యం లేదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా ఆయన ఇంట్లో లేరు. ఎదుటి గోడకి ఆనుకుని నిలబడి, బొమ్మ వైపు చూస్తూ, "నిత్యా, ఇంక చాలు రా, ఇంటికి రా బిడ్డా" అని పిలిచాను.

"ఈడనే ఉన్న కద మమ్మీ" అంది పడగ్గదిలోంచి.

నేను ఆ గది వైపు తిరగలేదు. బొమ్మనే చూస్తూ నిలబడ్డాను.