చప్పుడు చెయ్యని పెట్టె

పుష్పలీలకు స్నూకర్ పిచ్చి, బల్ల మీద కర్రతో రంగుబంతులు కొట్టే ఆట పిచ్చి, పట్టించినవాడు మెకే అనే పెద్దాయన. గ్లాస్గోలో ఆమె నర్సుగా పనిచేసే వృద్ధుల కేర్ హోమ్‌లో ఆయన ఉండేవాడు. మధ్యాహ్నం మందులిచ్చే వేళకు లౌంజ్‌లో టీవీ ముందు కూర్చుని, ఎర్రబంతి తర్వాత ఏ రంగు బంతి కొట్టాలో, ఎందుకు కొట్టాలో ఆమెకు విడమరిచి చెప్పేవాడు. మొదట్లో మర్యాద కోసం తలూపింది. ఏడాది తిరిగేసరికి ఆయనకంటే ముందే, "నల్లబంతి జోలికి పోకూడదు, ఇప్పుడు నీలంది చాలు" అనడం మొదలుపెట్టింది.

నరసాపురం అవతల పుట్టి, మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ నేర్చుకుని, పెళ్లయ్యాక స్కాట్లాండ్ వచ్చిన మనిషి. ఇన్నేళ్లలో ఏ ఆటా ఆమెను పట్టుకోలేదు. దీన్లో నచ్చిందేమిటంటే ఎవరూ అరవరు. ఆడేవాళ్లు మాట్లాడరు, వ్యాఖ్యానం చెప్పేవాళ్లు గుసగుసలాడతారు. రోజంతా కాలింగ్ బెల్లుల మధ్య పరుగులు పెట్టే మనిషికి అది చల్లటి మజ్జిగలా దిగేది.

చిక్కల్లా డ్యూటీలు వేసే రోటాతోనే. మంచి మ్యాచ్ ఎప్పుడూ ఆమె షిఫ్ట్‌లోనే వచ్చేది. ఇంట్లో ఉన్న రికార్డర్‌కు చెప్పి వెళ్తే, ఆట సాగిన రోజున అది తన టైమ్‌కు తాను ఆగిపోయేది. గెలుపోటములు తేల్చే ఆఖరి ఫ్రేమ్, అంటే ఆఖరి రౌండు, వచ్చేసరికి తెర నల్లబడేది. అలా రెండు వేసవులు చూసి, ఇక టీవీ పక్కన పెట్టుకోవడానికి సొంతంగా ఒక కంప్యూటర్ కట్టించుకుందామని నిశ్చయించుకుంది. అది 2012 జనవరి.

ఈ మాట చెవిన పడగానే హేస్ నుంచి ఫ్రెడీ ఫోన్ చేశాడు. ఫ్రెడీ ఆమె మరిది, హీత్రో విమానాశ్రయం కార్గోలో పని. కంప్యూటర్ల విషయంలో కుటుంబానికంతటికీ తనే పెద్ద.

"వదినా, కేసు, అదే బయటి డబ్బా, పెద్దది తీసుకో. గ్రాఫిక్స్ కార్డు మంచిది నే చెప్తాను. రెండు ఫ్యాన్లుంటాయి దానికి."

"రెండు ఫ్యాన్లంటే రెండు చప్పుళ్లు కదయ్యా."

"గ్రాఫిక్స్ కార్డు లేకుండా పీసీ ఏంటి వదినా? పులుసు లేని చేపలకూరలాగ."

"నాకు ఆటలాడే పీసీ వద్దు ఫ్రెడీ. ఆట చూసే పీసీ కావాలి. బంతి బంతికి తగిలితే నాకు వినపడాలి."

ఫ్రెడీ పది రోజుల పాటు లింకులు పంపాడు. పుష్పలీల అన్నీ చదివింది, ఒక్కటీ కొనలేదు. బ్రేక్‌లో శాండ్‌విచ్ తింటూ తనే చదువుకుంది. బొమ్మను తెర మీదికి పంపే పని కూడా తానే చేసే చిన్న ప్రాసెసర్ చాలని, వేరే గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదని తేల్చుకుంది. అది తక్కువ వేడెక్కుతుంది, కాబట్టి ఫ్యాన్ నిదానంగా తిరిగినా సరిపోతుంది. రెండు ఛానెళ్లు ఒకేసారి రికార్డు చేసే ట్యూనర్ కార్డు ఎంచుకుంది, ఒకటి తనకు, ఒకటి కూతురు హెప్సి టీవీలో చూసే డాన్సు పోటీలకు. హార్డ్ డిస్కు మెల్లగా తిరిగే రకం చూసుకుంది.

"అది స్లో వదినా," అన్నాడు ఫ్రెడీ.

"స్నూకరూ స్లోయేనయ్యా."

కంప్యూటర్ లోపల పెట్టే మెమరీ, అదే ర్యామ్, ఎంచే పని భర్త దయారత్నానికి అప్పగించింది. ఆయన బస్సు డ్రైవరు. ఆమె చూపించిన రెండు రకాలనూ కాసేపు చూసి, "ఎర్రది తీసుకో, బావుంది," అన్నాడు. ఎర్రదే తీసుకున్నారు.

ఫ్యాను మాత్రం ఆమె బొమ్మ చూసి కొననంది. గ్లాస్గోలోనే పార్టిక్ పేటలో కంప్యూటర్ విడిభాగాల షాపుకు వెళ్లి, ఉన్న ఫ్యాన్లు ఒక్కొక్కటే తిప్పి చూపించమంది. షాపతను తిప్పాడు. రేడియో ఆపమంది. ఆపాడు. బయట బస్సు పోయేదాకా ఆగి, ఫ్యాను దగ్గర చెవి పెట్టి, "ఇది కాదు," అంది. దయారత్నం సిగ్గుపడి తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. చివరికి అరచేతి కంటే పెద్ద ఫ్యాను, దానికి తగ్గట్టు ప్రాసెసర్ వేడిని లాగే ఎత్తయిన అల్యూమినియం కూలరు దొరికాయి. అది తిరుగుతోందో లేదో చూస్తే తప్ప తెలియదు. షాపతను కూడా చెవి పెట్టి విని, నిజమేనని ఒప్పుకున్నాడు.

శనివారం పొద్దున టేబుల్ మీద దుప్పటి పరిచి అన్నీ బిగించారు. ఫోన్‌లో ఫ్రెడీ, చేతిలో స్క్రూడ్రైవర్‌తో పుష్పలీల. అంతా సవ్యంగా కుదిరాక కేసు మూత వేయబోతే పడలేదు. కూలరు వేలెడు ఎత్తు ఎక్కువైంది.

"మూత తీసేసే వాడుకో వదినా, చాలామంది అలాగే..."

"దుమ్ము పడద్ది," అని ఫోన్ పెట్టేసింది.

కూలరు వదులుకునే మాటే లేదు. సోమవారం కేసు తిరిగిచ్చి ఎత్తయినది తెచ్చింది. ఆ కేసు టీవీ స్టాండ్‌లో పట్టలేదు. మధ్య అర తీసేస్తే పడుతుంది గానీ, ఆ అర మీద దయారత్నం క్యాసెట్ డెక్ ఉంది. పెళ్లికి ముందు కొన్నది, ఊళ్లో పాడించుకున్న క్రైస్తవ గీతాలన్నీ దాన్లోనే వింటాడు. పుష్పలీల అడగలేదు. టేపుతో కొలిచి, ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఆయనకు బాగా తెలుసు.

"బెడ్‌రూంలో పెట్టుకుంటాలే," అన్నాడు. అప్పటిదాకా ఆదివారాలు మాత్రమే పాటలు వినేవాడు, డెక్ అక్కడికి చేరాక యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ రోజూ వినడం మొదలుపెట్టాడు.

పెట్టె ఆన్ చేశారు. బొమ్మ అద్దంలా వచ్చింది. పుష్పలీల మాత్రం తల అడ్డంగా ఊపింది. ఎక్కడో సన్నగా గుంయ్‌మంటోంది. దయారత్నానికి వినపడలేదు, హెప్సికీ వినపడలేదు. ఆమె బ్యాగులోంచి స్టెతస్కోపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని కేసంతా ఆనించి వింది.

"మమ్, ఇట్స్ ఎ కంప్యూటర్, నాట్ ఎ పేషెంట్," అంది హెప్సి సోఫాలోంచి.

"ఉష్," అంది తల్లి. కింది భాగం దగ్గర చెయ్యి ఆగింది. హార్డ్ డిస్కు. అది తిరుగుతుంటే కేసు రేకు కూడా దానితో పాటు వణుకుతోంది. కరెంటు తీసేసి డిస్కును స్క్రూల నుంచి విప్పింది. కుట్టుపెట్టెలోంచి వెడల్పాటి ఎలాస్టిక్ తెచ్చి, కేసులోనే అటూ ఇటూ కట్టి, డిస్కును దానిలో ఉయ్యాల్లో బిడ్డలా పడుకోబెట్టింది. మళ్లీ ఆన్ చేస్తే గదిలో గోడ గడియారం ఒక్కటే వినిపించింది. దయారత్నం లేచి దాని బ్యాటరీ తీసేశాడు.

ఆ ఏప్రిల్ చివర్లో పెద్ద పోటీ వచ్చింది. ఒక సెమీఫైనల్ ముగిసే రోజున ఆమెకు లాంగ్ డే, అంటే పొద్దున్నుంచి రాత్రిదాకా డ్యూటీ, పడింది. మ్యాచ్ టైమ్ కంటే బాగా అదనంగా రికార్డు పెట్టి, "మీరు చూడకండి, చూసినా నాకు చెప్పకండి," అని ఒట్టు వేయించుకుని వెళ్లింది.

మర్నాడు పొద్దున ఇద్దరికీ సెలవు. కాఫీ కప్పులతో కూర్చున్నారు.

"నిన్న చూశారా?"

"నేనా? డిపోలో ఉన్నాను కదా," అన్నాడు దయారత్నం, కాస్త తొందరగా.

ఆమె రికార్డింగ్ పెట్టింది. ఆట సాగింది. చివరి ఫ్రేమ్ ఆఖరుగా మిగిలే నల్లబంతి దాకా వచ్చింది. రికార్డింగ్ ఆగలేదు. కుర్రాడొకడు బల్ల మీదికి వంగి గురి చూస్తున్నాడు. దయారత్నం కప్పులు తీసుకుని లేవబోయాడు.

"కూర్చోండి. మీరు లేస్తే నాకు తెలిసిపోద్ది."

ఆయన కూర్చున్నాడు. కప్పులు ఒళ్లో పెట్టుకుని, రెడ్ సిగ్నల్ దగ్గర ఆగిన డ్రైవర్ మొహం పెట్టాడు. తెర మీద కర్ర కదిలింది. బంతికి బంతి తగిలిన చప్పుడు, అది బల్ల మీద దొర్లిన చప్పుడు, అంచు దగ్గర ఒక్క క్షణం తటపటాయించి పాకెట్‌లో పడిన చప్పుడు, మూడూ విడివిడిగా వినిపించాయి.

నిన్న చూసిందే అయినా, దయారత్నం బిగబట్టిన ఊపిరి వదిలాడు.