ఆ గ్రాఫులోకి రానిది

ఎనభైల చివర్లో నేను ఫ్లోరిడాలో స్టాటిస్టిక్స్ చదువుకుంటున్నాను. తుపాకి దాచుకుని తిరగడానికి తేలిగ్గా లైసెన్సు ఇచ్చే చట్టం అప్పుడే కొత్తగా వచ్చింది. ఒక మధ్యాహ్నం బస్సులో పేపరు చదువుతుంటే, పక్క సీట్లోని అమెరికన్ ముసలాయన నేరాల గ్రాఫు మీద వేలు పెట్టాడు.

"చూశావా? చట్టం వచ్చింది, నేరాలు తగ్గాయి."

"ఒక్క ఏడాదితో చెప్పలేం సర్. అంతకుముందు నుంచే తగ్గుతున్నాయేమో చూడాలి," అన్నాను.

ఆయన కోటు కాస్త పక్కకు జరిపాడు. నడుము దగ్గర పిస్తోలు. నేను కిటికీ వైపు జరిగాను.

"భయపడకు. మా ఆవిడని మా షాపులోనే దొంగలు కొట్టి పడేశారు. అప్పట్నుంచి ఇది లేకుండా బయటికి రాను," అన్నాడు.

అంతలో ఢామ్మని మోత. నేను సీటు కిందికి వంగిపోయాను. తలెత్తి చూస్తే పిస్తోలు ఆయన చేతిలో ఉంది. ముందు సీట్లోంచి ఉలిక్కిపడి లేచిన ఒకతని వీపుకి గురిపెట్టి ఉంది.

"టైరు పేలింది, కంగారు పడకండి!" అని డ్రైవరు అరిచాడు.

లేచినతను వెనక్కి చూడకుండానే కూర్చున్నాడు. పిస్తోలు లోపల పెట్టుకోవడానికి ముసలాయన తంటాలు పడ్డాడు.

"ఇది ఆ గ్రాఫులోకి రాదు కదూ?" అని మెల్లిగా అడిగాడు.

"రాదు సర్."

ఆయన బస్సు దిగి ఎండలో నడిచి వెళ్లిపోయాడు.

తర్వాత ఎన్నో ఏళ్లు క్లాసుల్లో నేరాల లెక్కలు చెప్పాను. గ్రాఫు కిందికి దిగినప్పుడల్లా నాకు ముందు సీట్లోని ఆ మనిషి వీపే కనిపిస్తుంది. తన వెనక ఏం జరిగిందో అతనికి ఇప్పటికీ తెలిసి ఉండదు.