బాలమణి మోకాలికి వచ్చిన పచ్చ గుర్తులు

2022 వానాకాలంలో నేను శంషాబాద్‌లో ఒక చిన్న ఫిజియోథెరపీ సెంటర్‌లో పనిచేస్తున్నాను. కింద మందుల షాపు, పైన మేము. లిఫ్టు లేదు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లను మెట్లెక్కి రమ్మనే సెంటర్ అని మాలో మేమే నవ్వుకునేవాళ్లం. అప్పటికి ఈ వృత్తిలో నాకు పద్దెనిమిదేళ్లు. చేయి మంచిదని పేరు, నోరు మంచిది కాదని అంతకంటే పెద్ద పేరు. వ్యాయామం ఎగ్గొట్టిన పేషెంటును ఊరికే వదిలేదాన్ని కాదు.

ఆ ఏడాదే మా యజమాని ఒక యాప్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. పేషెంటు ఇంట్లోనే ఫోన్‌ను గోడకు ఆనించి, దాని ముందు వ్యాయామం చేయాలి. కెమెరా తుంటి, మోకాలు, మడమ ఎక్కడున్నాయో పసిగట్టి, కాలు ఎంత వంగిందో కొలిచి, ఎన్నిసార్లు చేశారో లెక్కపెడుతుంది. ఆ అంకెలు నా కంప్యూటర్‌లో డాష్‌బోర్డ్ అనే పట్టికలోకి వస్తాయి. చెప్పినంతా చేస్తే పేరు పక్కన పచ్చ గుర్తు, సగం చేస్తే పసుపు, చేయకపోతే ఎరుపు. పేషెంటు మర్యాద కోసం బొమ్మ రాదు, అంకెలే వస్తాయి. హిమాయత్ సాగర్ నుంచి, బడంగ్‌పేట్ నుంచి రెండు ఆటోలు మారి వచ్చేవాళ్లకు ఇది మేలే చేసింది. ఆ మాట ఇప్పటికీ అంటాను.

మొదలుపెట్టే ముందు కంపెనీవాళ్లు థెరపిస్టులందరితో ఒక మీటింగ్ పెట్టారు. నిక్కరు వేసుకున్న ఒకాయన కెమెరా ముందు చకచకా కాలు వంచి చూపించాడు. సలహాలుంటే చెప్పమన్నారు. మా పేషెంట్లలో సగం మంది చీర కట్టుకునే ఆడవాళ్లు, చీరలో మోకాలు ఎలా కనిపిస్తుందని నాకు అప్పుడే అనిపించింది. అడగలేదు. బయట పేషెంట్లు కాచుకుని ఉన్నారు, మీటింగ్ తొందరగా అయిపోతే చాలనుకున్నాను. పైగా నేనే ఒక సలహా ఇచ్చాను. పచ్చ గుర్తులు వచ్చేవాళ్లకు మేము వారం వారం చేయాలన్న వీడియో కాల్ దండగ అన్నాను. అందరూ బాగుందన్నారు. అలా ఆ కాల్ తీసేయించింది నేనే.

నెల తిరగకముందే బాలమణి వచ్చింది. వయసు యాభైకి అటూ ఇటూ. ఎయిర్‌పోర్టుకు వెళ్లే రోడ్డు నడుమ పూలమొక్కలు చూసే కాంట్రాక్టు పని ఆమెది. రోడ్డు దాటుతుంటే బండి గుద్ది మోకాలి చిప్ప విరిగింది. ఆపరేషన్ చేసి లోపల తీగతో బిగించారు. కాలు వంచడం మొదలుపెట్టవచ్చని సర్జన్ రాసి పంపితే, కోడలు మమత భుజం పట్టుకుని మా మెట్లెక్కింది. కొలిచి చూస్తే కాలు నలభై డిగ్రీలు వంగుతోంది. కుర్చీలో కూర్చోవాలంటేనే తొంభై కావాలి. గొంతుక్కూర్చోవాలంటే నూట ముప్పై దాటాలి.

"కుర్చీల కూసునే పని కాదు మేడం నాది," అంది బాలమణి. "గడ్డి పీకాలంటె కిందికి కూసోవాలె. మూడు నెలల దాంక నా జాగల ఎవ్వరిని పెట్టనన్నడు సూపర్‌వైజర్. గంతల్నే జర నా కాలు వంగేటట్టు చెయ్యుండ్రి."

ఈ రెండు నెలలే ముఖ్యమని, ఆ తర్వాత లోపలి కండ గట్టిపడిపోతే ఎంత కష్టపడ్డా వంగదని చెప్పాను. నొప్పి వస్తుంది, ఓర్చుకోవాలి అన్నాను. మమత ఫోన్‌లో యాప్ ఎక్కించి పంపాను.

మొదటి మూడు రోజులూ ఎరుపే. పక్కన 'మోకాలు కనిపించడం లేదు' అని వచ్చింది. ఫోన్ చేశాను. చేసి, నా అలవాటు ప్రకారం అరిచాను. కుచ్చిళ్లు కిందిదాకా వేసుకుంటే కెమెరా ఏం చూస్తుంది, చీర మోకాలి పైకి ఎత్తి కట్టుకోండి, లేకపోతే కోడలి లెగ్గింగ్ వేసుకోండి, ఉద్యోగం కావాలా వద్దా అన్నాను. మమత "సరే మేడం" అని పెట్టేసింది.

మర్నాటి నుంచి పచ్చ. అరవై, డెబ్బై ఐదు, తొంభై, నూట పది. ఒక్కరోజు తప్పలేదు. నేను 'చాలా బాగుంది' అని మెసేజ్ పెట్టేదాన్ని, బొటనవేలి బొమ్మ కూడా. పక్క టేబుల్ వాళ్లను పిలిచి, పల్లెటూరి ఆమె ఎంత పట్టుదలగా చేస్తోందో చూడండని చూపించాను. యాప్ రోజూ నొప్పి ఎంతుందని కూడా అడుగుతుంది. బాలమణి పేరు దగ్గర రోజూ సున్నా. తీగ బిగించిన మోకాలు నొప్పి లేకుండా వంగడం పద్దెనిమిదేళ్లలో నేనెక్కడా చూడలేదు. అయినా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాను.

రెండో నెల చివర చెకప్‌కు రమ్మన్నాను. కిటికీలోంచి చూస్తుంటే ఆటో ఆగింది. బాలమణి కాలు కర్రలా చాపుకునే దిగింది. పడుకోబెట్టి గోనియోమీటర్‌తో, అంటే కీలు దగ్గర పెట్టి కోణం చూసే రెండు చేతుల కొలబద్దతో, రెండుసార్లు కొలిచాను. యాభై రెండు. కంప్యూటర్‌లో నూట పద్దెనిమిది ఉంది. యాప్ కంపెనీవాళ్లను కడిగేద్దామని ఫోన్ తీశాను.

"ఫోన్ తప్పు కాదు మేడం," అంది మమత, నేల చూస్తూ. "నేనే చేసిన దినాం."

ఎందుకని అడిగాను. గొంతు పెంచలేదు, పెంచే శక్తి లేదు.

ఒక్కటే గది ఇల్లు, మామ, మరిది అక్కడే తిరుగుతుంటారట. వాళ్ల ముందు, ఎవరు చూస్తారో తెలియని కెమెరా ముందు, అత్తమ్మ చీర ఎత్తలేనన్నదట. ఎరుపు వస్తే మేడం మళ్లీ అరుస్తుందని కోడలు తను నిలబడింది. ఇంకో మాట కూడా చెప్పింది. "అత్తమ్మ పని కాడ పొద్దుగాల ఫోన్ల మొకం చూపెడితె హాజరు పడుతది. పని ఆ తర్వాత చేసుకుంటది. గిది గూడ గసొంటిదే అనుకున్నం. హాజరు నేనేస్త, కసరత్తు ఆమె మంచంల పండుకోని చేసుకుంటది అనుకున్నం."

బాలమణి నిజంగానే రోజూ చేసింది. నొప్పి మొదలవగానే ఆపేసింది. నొప్పిని దాటి ఇంకాస్త వంచమని పక్కన నిలబడి చెప్పడమే నా పని. నేను లేను.

తర్వాతదంతా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. సర్జన్ మత్తు ఇచ్చి కాలు వంచాడు. నేను రోజూ పొద్దున ఆమె ఇంటికి వెళ్లి, మగవాళ్లను బయటికి పంపి, తలుపు వేసి వ్యాయామం చేయించాను. తొంభై ఐదు దగ్గర ఆగిపోయింది. కుర్చీలో కూర్చోగలదు, మెట్లెక్కగలదు. నేల మీద గొంతుక్కూర్చోలేదు. మూడు నెలలు దాటగానే సూపర్‌వైజర్ ఆమె జాగాలో ఇంకొకరిని పెట్టుకున్నాడు. ఇప్పుడు ఒక ఫంక్షన్ హాల్‌లో నిలబడి గిన్నెలు కడుగుతోంది. మొక్కల పని గురించి అడిగితే మాట మార్చేస్తుంది.

ఆఖరి రోజు వెళ్లినప్పుడు క్షమించమని అడిగాను. తప్పు నాది, చూసుకోవాల్సింది నేను అన్నాను. బాలమణి నా చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆమె ముఖంలో కోపం లేదు, అదే భరించలేకపోయాను.

"మొదటి దినం మస్తు భయపడ్డం మేడం, కోడలు చేస్తుందని మీరు తిడతరని," అంది. "మీరేమో మంచిగుందని పంపిండ్రు. దినాం చూస్తున్నరు, ఏమంటలేరు. ఇగ మేడమే ఊకున్నదంటె ఎవ్వరు చేసినా నడుస్తదనుకున్న."

నేను చూడడం లేదన్న సంగతి ఆమెకు తెలియదు. తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాను. కెమెరాకు అవతల నేనున్నానని నమ్మి, నా మెచ్చుకోలును అనుమతి అనుకుంది. ఇంటికొచ్చి ఆ మెసేజ్‌లన్నీ మళ్లీ చదువుకున్నాను. ఏడ్చాను కూడా.

కంపెనీవాళ్లకు చీర సంగతి, వీడియో కాల్ సంగతి రాసి పంపాను. కొంత మార్చారు, కొంత మార్చలేదు. నేను మాత్రం వారం వారం కాల్ మళ్లీ మొదలుపెట్టాను, పచ్చ వచ్చినవాళ్లకు ముందుగా. ఫోన్‌లో అరవడం చాలావరకు మానేశాను, పూర్తిగా అంటే అబద్ధం. యాప్ ఇచ్చే ముందు ప్రతి పేషెంటునూ వాళ్లు ఇంట్లో కట్టుకునే బట్టలతోనే నా ఎదురుగా ఒకసారి చేయమంటాను. ఆ తర్వాత కూర్చోబెట్టి, "ఇందులో మీరు నాకు కనిపించరమ్మా, అంకెలే వస్తాయి. నొప్పైనా, సిగ్గైనా మీరు నోటితో చెప్తేనే నాకు తెలుస్తుంది," అంటాను. అది చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు. బాలమణికి నేను చెప్పలేదు.