మా మేనత్త ఒక్కపొద్దులు

మొన్న మనుమరాలిని నిజామాబాద్‌లో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. ఆకలి లేకపోయినా ఎవరూ చూడకుండా కడుపు పగిలేలా తిని, తర్వాత కూర్చుని ఏడుస్తోంది ఆ పిల్ల. డాక్టరమ్మ తిట్టలేదు, నవ్వలేదు. సన్నబడాలని పస్తులుండడం మానెయ్యమంది, వేళకు తినమంది, మనసులో ఏముందో మెల్లగా మాట్లాడించింది. ఇది జబ్బేనట, నయమవుతుందట. ఆ మాట వినగానే మా మేనత్త గుర్తొచ్చి, అప్పటి మావాళ్ళ మీద నాకు ఒళ్ళు మండింది.

అరవైల నాటి మాట. ఆర్మూర్‌లో మాది పసుపు పండించే ఇల్లు. మేనత్త, అంటే నాయన చెల్లెలు, ఇరవై నిండకుండానే భర్తను పోగొట్టుకుని మా ఇంటికొచ్చింది. అప్పటినుంచి ఆమెకు రోజూ ఒక్కపొద్దే. ఆ ఒక్కపూట తిండి కూడా పసుపు ఉడకబెట్టే కూలీలందరికీ పెద్ద పెద్ద గంజుల నిండా అన్నం వండి వడ్డించాకే. ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది? అందరూ అంగడికి పోయినప్పుడు పసుపు బస్తాల గదిలో తలుపు చాటున కూర్చుని, చల్లన్నమో, రొట్టెలో, ఉత్త తొక్కు పచ్చడో, ఏది దొరికితే అది నమలకుండా మింగేది. ఆపుకోవాలన్నా ఆమె వల్ల అయ్యేది కాదు.

ఒకనాడు దొరికిపోయింది. దానికి మావాళ్ళు చేసిన వైద్యం ఇప్పటి పిల్లలు నమ్మరు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు, చివరికి ఎవరో పెద్దమనిషి చెప్పాడని సోమవారం ఆ ఒక్కపూట కూడా మాన్పించారు, మళ్ళీ దొరికితే శనివారం కూడా. మాడ్చినకొద్దీ తినేది, తిన్నకొద్దీ మాడ్చేవాళ్ళు. "నాకేమైతుందో నాకే సమజైతలేదు అవ్వా, జర నా మాట నమ్మే" అని తన కన్నతల్లి, మా బాపమ్మ, కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. బాపమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

ఒక వానాకాలం మేనత్త జ్వరంతో పోయింది. మూడోనాడు పిట్టముట్టుడు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా చూడాలి గదా. గారెలు, బూరెలు, పరమాన్నం, ఎన్నడూ ఆమె కంచంలో పడనివన్నీ ఆ రోజు వండారు. కాకి ఎంతకూ రాలేదు. బాపమ్మ చేతులు జోడించి, "తిను బిడ్డా, కడుపు నిండ తిను, నిన్నెవ్వలేమనరు" అని గొల్లుమంది.

కాలం మారింది, మంచికే మారింది, కాదనను. "కడుపు నిండ తిను" అన్న ఆ ఒక్క మాట మా మేనత్త బతికుండగా అనే మనిషి మాత్రం మా కాలంలో లేకపోయింది.